కూజా మారితే రుచి మారిందా?

ఈ వారం ఉత్తరం కెనడాలోని కాల్గరీ నుంచి వచ్చింది. రాసినవారికి నలభై రెండేళ్లు. ఒక చమురు సంస్థలో లెక్కలు చూస్తారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి కొంత కుదించి, ఆయన మాటల్లోనే ఇస్తున్నాను.

"మా ఆవిడ అక్కగారి భర్త, అంటే మా తోడల్లుడు, నాకన్నా పదేళ్ల ముందు ఈ దేశం వచ్చారు. నాకు ఉద్యోగం దొరికేదాకా నాలుగు నెలలు వాళ్లింట్లోనే ఉన్నాం. ఆయన్ను అన్నయ్యగారు అని పిలుస్తాను. విస్కీ విషయంలో మా వాళ్లలో ఆయన మాటకు తిరుగు లేదు. స్కాట్లండ్‌లో తయారయ్యే స్కాచ్ తప్ప ముట్టరు. అదీ పన్నెండేళ్లకు తక్కువైతే 'దానికింకా పాలపళ్లు ఊడలేదు' అంటారు. నేను కొనేది ఆల్బెర్టా ప్రీమియం అనే రై విస్కీ. సీసా ముప్పై డాలర్లు కూడా కాదు. మా ఊళ్లోనే తయారవుతుంది. నాకు నిజంగానే ఇష్టం. కానీ ఆయన ముందు ఆ సీసా ఎప్పుడూ బయట పెట్టలేదు. ఒకసారి వంటింటి అలమరలో చూసి, 'చలికాలంలో కారు అద్దం కడగడానికి దాచావా?' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా గృహప్రవేశానికి ఎవరో ఒక గాజు కూజా ఇచ్చారు. ఖాళీగా ఉంటే బాగోలేదని నా రై విస్కీ అందులో పోసి పెట్టాను. మొన్న మా అబ్బాయి పుట్టినరోజుకు అన్నయ్యగారు వచ్చి, తనంతట తానే ఆ కూజాలోంచి గ్లాసులో పోసుకుని రెండు ఐసు ముక్కలు వేసుకున్నారు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకుని, 'విస్కీ అంటే ఇదీ! షెర్రీ పీపాలో పద్దెనిమిదేళ్లు పండింది, అవునా? ఆగు, నువ్వు చెప్పకు' అని, పేరు మోసిన ఒక స్కాచ్ పేరు చెప్పారు. నేను అవుననలేదు, కాదనలేదు. నవ్వి ఊరుకున్నాను.

వచ్చే నెల ఆయన యాభయ్యో పుట్టినరోజు. 'ఆ కూజాలోదే ఒక సీసా పట్టుకురా' అన్నారు. పదిమందికి ముందే చెప్పేశారు కూడా. ఆయన చెప్పిన స్కాచ్ ధర చూస్తే రెండు వందల డాలర్లు దాటింది. మా ఆవిడ మొదట పడీ పడీ నవ్వింది. ఇప్పుడేమో 'అక్క ముందు నన్ను తలెత్తుకోనివ్వండి' అంటోంది. నిజం చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు, డబ్బూ దండగ. అడగడానికి సిగ్గుగా ఉన్నా ఇంకొక సందేహం. ఆ రై నిజంగానే అంత మంచిదా? లేక మా ఇద్దరికీ రుచి తెలియదా?"

మీరు సిగ్గుపడుతూ అడిగిన చివరి ప్రశ్ననే ముందు తీసుకుంటాను. అది తేలితే మిగతావాటిలో సగం చిక్కు దానంతటదే విడిపోతుంది.

ఇరవై ఏళ్లు ఒక తినుబండారాల సంస్థలో రుచి పరీక్షల విభాగంలో పనిచేశాను. అక్కడ మొదట నేర్పిన పాఠం ఏమిటంటే, నోట్లో పెట్టుకునే ముందే తీర్పులో ముప్పాతిక భాగం అయిపోతుంది. ఆ సాయంత్రం సంగతే చూడండి. చెక్కిన గాజు కూజా. చూడగానే అందులో ఖరీదైన సరుకు ఉందనిపిస్తుంది. పిల్లాడి పుట్టినరోజు కాబట్టి అప్పటికే పకోడీలో, కోడి వేపుడో నోట్లో పడి ఉంటాయి. కారం తిన్న నాలుకకు మద్యం మంట ఎక్కువగా, తక్కిన రుచులు తక్కువగా తెలుస్తాయి. పైగా రెండు ఐసు ముక్కలు. విస్కీలో మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కుకు అందే వాసనే. చల్లబడిన కొద్దీ ఆ వాసన పైకి లేవదు. అంటే మీ అన్నయ్యగారు తాగింది కూజాను, పండగ పూటను, తన మనసులో ముందే ఉన్న పద్దెనిమిదేళ్ల స్కాచ్‌ను. మీ రై వాటి వెనకాల ఎక్కడో ఉంది.

ఇది ఆయన ఒక్కరి బలహీనత కాదు. 2008లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. ఒకే వైన్‌ను రెండుసార్లు ఇచ్చి, ఒకసారి ధర తక్కువని, ఇంకోసారి ఎక్కువని చెప్పారు. అసలు 5 డాలర్ల వైన్‌ను 45 డాలర్లదని, 90 డాలర్లదాన్ని 10 డాలర్లదని కూడా చెప్పారు. ఎక్కువ ధర విన్నప్పుడల్లా తాగినవారికి ఎక్కువ నచ్చింది. అది మొహమాటానికి అన్న మాట కూడా కాదు. మెదడులో ఆనందాన్ని లెక్కకట్టే చోటు నిజంగానే ఎక్కువ చురుకైనట్టు స్కానింగ్‌లో కనిపించింది. కాబట్టి ఆ గుక్కలో ఆయనకు కలిగిన సంతోషం నకిలీది కాదు. పేరు ఒక్కటే తప్పు.

అయితే ఆ మెచ్చుకోలు మీ రైకి యోగ్యతాపత్రమూ కాదు. మీరు అక్కడ కొంచెం తొందరపడుతున్నారేమో.

ఇక సరుకు సంగతి. రై అంటే హిందీ వాళ్ల ఆవాలు కాదు, గోధుమకు దగ్గరి చుట్టమైన ధాన్యం. శరత్తులో విత్తితే మంచు కింద చలికాలమంతా గడిపి వసంతంలో మళ్లీ లేచి నిలబడుతుంది. ప్రెయిరీ అనే మీ గడ్డి మైదానాల నేలకు సరిపోయిన పంట. వెనకటికి కెనడాలో గోధుమ విస్కీలో కొంచెం రై కలిపితే ఘాటు బాగుందని జనం దాన్నే అడగసాగారు. ఆ అలవాటు ముదిరి 'రై' అన్న మాటే అక్కడ విస్కీకి మారుపేరైంది. చట్టం కూడా దాన్ని ఒప్పుకుంది. అక్కడ సీసా మీద కెనడియన్ విస్కీ అన్నా, రై విస్కీ అన్నా ఒకటే. ఆ దేశంలోనే కాచి, 700 లీటర్లు మించని చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచి, 40 శాతానికి తగ్గని మద్యంతో సీసాకెత్తాలి. రై ఇంత ఉండాలన్న నిబంధన మాత్రం లేదు. అమెరికాలో రై విస్కీ అనాలంటే ధాన్యంలో 51 శాతమైనా రై ఉండి తీరాలి. కెనడాలో రై అని రాసి ఉన్న సీసాలో అధిక భాగం మొక్కజొన్న ఉన్నా తప్పు పట్టేవారు లేరు.

మీరు కొనే సీసా ఆ కోవలోది కాదు. కాల్గరీలో 1946లో మొదలైన ఆల్బెర్టా డిస్టిలర్స్ దాన్ని 1958 నుంచి అమ్ముతోంది, పూర్తిగా రై ధాన్యంతో. ఇది చిన్న విషయం కాదు. రైని ఉడికిస్తే జిగురుగా సాగుతుంది, పులిసేటప్పుడు నురగ కక్కుతుంది, తొట్టెలు, గొట్టాలు అంటుకుపోతాయి. చాలామంది కొద్దిగా కలిపి చేతులు దులుపుకునేది అందుకే. కాల్గరీ వాళ్లు ఆ జిగురును విరగ్గొట్టే ఎంజైములను సొంతంగా తయారు చేసుకున్నారు. ధర తక్కువ ఎందుకంటారా? ధాన్యం చుట్టుపక్కల దొరుకుతుంది, కర్మాగారం పెద్దది, పీపాలో పద్దెనిమిదేళ్లు డబ్బు బందీ కాదు, సముద్రం దాటే ఖర్చు లేదు. వీటిలో ఏదీ రుచికి మచ్చ కాదు, వయసొక్కటి తప్ప. వయసు తక్కువన్న సంగతి మాత్రం గ్లాసులో తెలుస్తుంది.

నేనెందుకు ఇంత ధీమాగా అంటున్నానంటే, ఎడ్మంటన్‌లో ఉండే మా మేనల్లుడు నిరుడు ఒక సీసా తెచ్చాడు. పాతికో ముప్పయ్యో మిల్లీలీటర్లు పొట్ట వెడల్పు, మూతి ఇరుకు ఉన్న చిన్న గ్లాసులో పోసి పావుగంట ముట్టకుండా వదిలేశాను. మొదటి వాసన గోళ్ల రంగును గుర్తు చేసింది. కాసేపటికి అది తగ్గి, వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు లేచే కొత్త చెక్క వాసన వచ్చింది. దాని కింద లవంగం, ఇంకా కింద పాకం పట్టిన బెల్లం. నోట్లో మొదట తియ్యగా తాకి, రెండు క్షణాల్లో నాలుక అంచుల మీద మిరియం, గొంతు దగ్గర సొంటి. ఆఖరున పీపా ఇచ్చిన వగరు, నిమ్మగింజ కొరికినట్టు చిన్న చేదు. అంతే, అయిపోయింది. నేనింకా ఉంటుందని ఎదురుచూస్తుండగానే వెళ్లిపోయింది. అర చెంచా నీళ్లు కలిపాక పచ్చి యాపిల్, ఎండుగడ్డి పైకి వచ్చాయి. ఘాటు తగ్గింది, కానీ నోట్లో దాని చిక్కదనం కూడా పలచబడింది.

నా తీర్పు ఇది. వాసన నోటి కన్నా బాగుంది. మధ్యలో మసాలా ముచ్చటగా ఉంది. ముగింపు పొట్టి. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలో పద్దెనిమిదేళ్లున్న మంచి స్కాచ్‌తో పక్కపక్కన పెట్టి, ఐసు లేకుండా, ఖాళీ నోటితో తాగితే తేడా తెలుస్తుంది. స్కాచ్‌లో ఎండు ద్రాక్ష, ఖర్జూరం గొంతు దిగాక కూడా చాలాసేపు ఉంటాయి. ఆ తేడా ఏడింతల ధరకు తగినదా అని అడిగితే, నా జేబు కాదంటుంది. ముప్పై డాలర్ల లోపు దీనికన్నా నిజాయతీగా ధాన్యం రుచి చూపించే సీసాలు ఎన్నో లేవు. 2015 చివర్లో పేరున్న ఒక ఆంగ్ల సమీక్షకుడు మానిటోబాలోని గిమ్లీలో తయారయ్యే క్రౌన్ రాయల్ నార్తర్న్ హార్వెస్ట్ రైని ప్రపంచంలోనే ఉత్తమమని ప్రకటిస్తే, అదీ ఖరీదైన సరుకు కాదు కాబట్టి, దుకాణాల్లో సీసాలు కరువయ్యాయి. అది ఒక మనిషి నాలుక చెప్పిన మాట, నాదీ అంతే.

అందుకే మీ నాలుకనూ అడగండి. మేము వాడిన పద్ధతి చాలా సులువు. మూడు ఒకేరకం గ్లాసులు. రెండింటిలో ఒకటే విస్కీ, మూడోదానిలో వేరేది. మీ ఆవిడ చాటున పోసి ఇస్తారు. వేరేది ఏదో మీరు చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. అదే అయిదు విడతల్లో నాలుగైనా తగిలాయంటే, గాలివాటంగా అలా జరిగే అవకాశం దాదాపు ఇరవై రెండింటిలో ఒకటే. స్కాచ్ సీసా కొననక్కరలేదు, ఏ మిత్రుడి దగ్గరైనా వంద మిల్లీలీటర్లు అడిగి తెచ్చుకోండి. గ్లాసుకు అయిదు మిల్లీలీటర్లు చాలు. రుచి చూసి ఉమ్మేయండి, మేము అలాగే చేసేవాళ్లం. 2023లో కెనడాలో వెలువడిన సూచనల ప్రకారం వారానికి రెండు కొలతలు దాటితే ఆరోగ్యానికి ముప్పు పెరగడం మొదలవుతుంది. విస్కీలో ఒక కొలత అంటే 43 మిల్లీలీటర్లు. పరీక్ష పేరుతో ఆ గీత దాటవద్దు.

ఒక్క హెచ్చరిక. ఊరి నుంచి వచ్చిన వెన్న కాచిన నెయ్యిని, దుకాణం నెయ్యిని కళ్లు మూసుకుని చెప్పేస్తానని మా ఇంట్లో పందెం కాశాను. అయిదింటికి రెండే చెప్పగలిగాను. ఇరవై ఏళ్ల అనుభవం! ఆ రోజు నుంచి మా ఇంట్లో నెయ్యి గురించి నేను మాట్లాడను.

ఇప్పుడు తోడల్లుడి సంగతి. మీరు అబద్ధమాడలేదు, నిజమే. కానీ ఆ నవ్వులో ఒక చిన్న పగ తీరిందని నాకనిపిస్తోంది. కారు అద్దం మాట మీ మనసులో ఎన్నాళ్లుగా ఉందో మీ ఉత్తరమే చెబుతోంది. నాలుగు నెలలు తిండి పెట్టిన మనిషి మీద కోపం తెచ్చుకోలేక, ఆ కోపాన్ని కూజాలో దాచుకున్నారు. అది తప్పని అనను. దాన్ని మీరు గుర్తిస్తే మాత్రం, నిజం చెప్పేటప్పుడు మీ గొంతులో గెలుపు వినపడకుండా జాగ్రత్తపడగలరు.

రెండు వందలు పెట్టి ఆ స్కాచ్ కొనడం ఒక దారి. డబ్బు పోతే పోయింది, అందరూ సంతోషంగా ఉంటారని మీకు అనిపించవచ్చు. కానీ ఆలోచించండి, ఆయన తాగి 'ఆ రోజుది ఇది కాదే' అంటే? అప్పుడు ఆయన నాలుక చెప్పిందే నిజం. మీరేమో 'అదే అన్నయ్యగారూ' అనాలి. ఈసారి అది నికార్సైన అబద్ధం. పైగా సరిగ్గా పట్టుకున్న మనిషిని పొరపడ్డావని నమ్మించడం. నాకు అన్నిటికన్నా ఈ దారే చేదుగా తోస్తుంది. ఖాళీ స్కాచ్ సీసా సంపాదించి అందులో రై పోసే ఆలోచన మీరు రాయలేదు కానీ వచ్చే ఉంటుంది. దాని గురించి మాట్లాడను.

'అయిపోయింది' అని చేతులెత్తేయవచ్చు. నిజంగానే ఆ కూజాలోది అయిపోయి ఉంటుంది కూడా. ఆ ఒక్క రాత్రి గడుస్తుంది. ఆయన దసరాకు అడుగుతారు, సంక్రాంతికి అడుగుతారు. ఈలోగా మీ ఆవిడ, వాళ్ల అక్క ఫోనులో మాట్లాడుకోకుండా ఉండరు కదా. అక్కాచెల్లెళ్ల మధ్య ఇలాంటి సంగతి ఎన్నాళ్లు ఆగుతుందో మీకే తెలుసు. నన్నడిగితే సగం ఈపాటికే చేరి ఉంటుంది. ఆ నోట ఈ నోట తెలిస్తే, మీరు చెప్పనందుకు బాధ, వాళ్లందరికీ ముందే తెలిసినందుకు అవమానం, రెండూ కలిసి ఆయన మీద పడతాయి.

పుట్టినరోజున పదిమంది ముందు కళ్లకు గంతలు కట్టి అందరికీ పరీక్ష పెట్టవచ్చు. ఆట బాగుంటుంది, నవ్వులు బాగుంటాయి. మీకు ఈ ఊహ ఎక్కువగా నచ్చుతుందేమోనని నా భయం. ఆయన ఓడిపోతే యాభయ్యో ఏట తన ఇంట్లో, తన అతిథుల ముందు ఓడిపోతారు. గెలిస్తే మీ రై మళ్లీ కారు అద్దం దగ్గరికే వెళుతుంది. ఆ ఆట ఇంకెప్పుడైనా ఆడండి, మొదట మీరు ఓడిపోయి చూపించాక.

మిగిలింది, ముందే వెళ్లి ఆయనతో ఒక్కరితోనే చెప్పడం. నా మొగ్గు ఇటే, దాచను. ఫోనులో వద్దు. ఆడవాళ్లు వంటింట్లోంచి వినేచోట అసలు వద్దు. ఆయన్ను నడకకో, కారు టైర్లు మార్పించడానికో తోడు రమ్మనండి. మాట ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. 'అన్నయ్యగారూ, ఆ రోజు కూజాలో ఉన్నది నేను కొనుక్కునే రై. మీరు మెచ్చుకునేసరికి సంతోషంతో నోరు పెగల్లేదు. తరవాత చెప్పడానికి భయమేసింది.' అంతవరకే. కూజా, ఐసు, 2008 ప్రయోగం ఏవీ ఎత్తవద్దు. ఆయన అడిగితే అప్పుడు చెప్పండి, అవన్నీ ఆయన పక్షాన పనికొచ్చే మాటలే.

ఆ తరవాత పదిమందికి ఏం చెప్పాలో ఆయనకే వదిలేయండి. కొందరు పెద్దమనుషులు ఇలాంటి కథను తామే అందరికన్నా ముందు చెప్పి నవ్విస్తారు. 'మా వాడు ఊళ్లోనే ముప్పై డాలర్లకు నిధి పట్టాడు, నా నాలుకే సాక్ష్యం' అని ఆయనే అనవచ్చు. లేదా ముఖం మాడ్చుకుని కొన్ని వారాలు మాట్లాడకపోవచ్చు. అదీ జరగవచ్చు, దానికి సిద్ధపడే వెళ్లండి. మీ ఆవిడకు ముందే చెప్పండి, ఆ కొన్ని వారాలు అక్కతో మాటలు ఆమే మోయాలి.

పుట్టినరోజుకు ఏం తీసుకెళ్లాలంటే, ఆయనకిష్టమైన పన్నెండేళ్ల స్కాచ్ మీ తాహతుకు తగ్గది ఒకటి, మీ రై ఒకటి, రెండూ వాటి వాటి సీసాల్లోనే. రైని కెనడా వాళ్లలాగే జింజర్ ఏల్ అనే అల్లం రుచి సోడా కలిపి ఇవ్వండి. ఆ సొంటి రుచికి ఇది అతికినట్టు సరిపోతుంది, అప్పుడు స్కాచ్‌తో పోలిక కూడా ఎవరికీ గుర్తు రాదు. తాగినవాళ్లెవరూ బండి తీయకుండా చూడండి.

కూజా గురించి ఒక మాట మిగిలిపోయింది. చేతికి బరువుగా తగిలి, వెలుగులో ఇంద్రధనుస్సులా మెరిస్తే అది సీసం కలిసిన క్రిస్టల్ అయి ఉండవచ్చు. అలాంటిదాంట్లో విస్కీని రోజుల తరబడి ఉంచితే సీసం మెల్లగా అందులోకి దిగుతుంది. చుట్టాలు వచ్చిన పూట పోసి పెట్టుకోండి, వాళ్లు వెళ్లగానే మిగిలింది తిరిగి సీసాలోకి వంపేయండి.